కూలి పోను మిగిలింది

1999 జూన్‌లో నన్ను హైదరాబాద్‌కు బదిలీ చేశారు. హోదా అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్. అప్పగించిన సర్కిల్ అమీర్‌పేట, పంజాగుట్ట. మా శాఖలో సర్కిల్ అంటే ఒక అధికారి తిరిగి తనిఖీ చేయవలసిన ప్రాంతం. ఫ్యాక్టరీలు మా పరిధిలోకి రావు, వాటికి వేరే శాఖ ఉంది. మాకు దక్కేవి దుకాణాలు, హోటళ్ళు, చిన్నాచితకా ఆఫీసులు. వారానికి ఒకరోజు సెలవు ఇస్తున్నారా, ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనానికి తగ్గకుండా జీతమిస్తున్నారా, హాజరు పుస్తకం, వేతనాల రిజిస్టరు సరిగ్గా రాస్తున్నారా అని చూడటం మా పని. ఇన్‌స్పెక్షన్ అని గంభీరంగా అంటాం గానీ, పేరు పిలవడం, మనిషిని చూడటం, పుస్తకంలో టిక్కు పెట్టడం, అంతే.

ఆ రోజుల్లో అమీర్‌పేటలో గోడలకన్నా బోర్డులే ఎక్కువ కనిపించేవి. కంప్యూటర్ కోర్సు బోర్డు మీద మరో కంప్యూటర్ కోర్సు బోర్డు, దాని పక్కన హాస్టల్ బోర్డు, కింద జిరాక్స్, టిఫిన్లు. లేబర్ మేడం బస్సు దిగిందన్న కబురు నాకన్నా ముందే వీధి చివరిదాకా చేరిపోయేది.

నా గురించి ఒక మాట ముందే చెప్పాలి. మా నాన్న జూట్ మిల్లు కార్మికుడు, యూనియన్ మనిషి. మా ఇంట్లో లాభం అనే మాటను తిట్టులాగా వాడేవారు. దాంతో పాటు నాకు ముక్కు మీద కోపం. యజమాని అనేవాడు ఏదో ఒకటి దాస్తాడనీ, అది బయటికి లాగడమే నా ఉద్యోగమనీ గట్టిగా నమ్మిన రోజులవి.

చేరిన రెండో నెలలో ఆఫీసుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. అమీర్‌పేటలోని ఒక టైలర్ షాపులో లేని మనిషి పేరు మీద కూలి రాస్తున్నారని అందులో ఉంది. ఇలాంటివి మాకు కొత్త కాదు. దొంగ పేరు ఒకటి రిజిస్టరులో పెట్టి, ఆ ఖర్చు చూపించి పన్ను తగ్గించుకునే వాళ్ళుండేవారు. మర్నాడు పొద్దున్నే వెళ్ళాను.

అది మొదటి అంతస్తులో పొడవాటి హాలు. కింద బట్టల కొట్టు, పైన కోచింగ్ సెంటరు, మధ్యలో ఇది. ఐదు మిషన్ల ముందు ఐదుగురు కారీగర్లు. చొక్కా కుట్టినా ప్యాంటు కుట్టినా, కుట్టేవాడిని ఈ వృత్తిలో కారీగర్ అంటారు. వాళ్ళకు నెల జీతం ఉండదు, కుట్టిన పీసుకింత అని కూలి. మెడలో టేపు వేసుకున్న సన్నటి మనిషి ఒకాయన ఒక కుర్రవాడి భుజాలు కొలుస్తున్నాడు. ఓనర్ ఎవరని అడిగితే తానేనన్నాడు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఆయన భార్య పేరు మీద ఉంది. రిజిస్టరు తీయించి పేర్లు పిలిచాను. ఐదుగురూ ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఆరో పేరు వి. కనకయ్య. ఎవరూ లేవలేదు.

దొరికాడు దొంగ అనుకున్నాను.

"కనకయ్య ఎవరండీ? ఎక్కడున్నాడు?" అన్నాను.

"నేనే మేడం," అన్నాడు ఓనర్, టేపు తీయకుండానే.

నాకు ఒళ్ళు మండింది. "షాపు మీది. మిగిలిందంతా మీదే. ఇంక మీకు కూలి ఏంటండీ?"

ఆయన కుర్రవాడిని కూర్చోబెట్టి నింపాదిగా చెప్పాడు. "పొద్దుగాల కొల్తలు తీస్త, కటింగ్ చేస్త. పగటీలి సంది నేను సుత మిషిన్ మీద కూసుంట. కాలర్లు నేనే కుడత. వాళ్ళకెంత పీసు రేటో నాక్కూడ గంతే. కూలి పోను మిగిలిందే లాభం మేడం. నా కూలి సుత లాభంల కలిపి రాస్కుంటే, ఈ దుకాణం నన్ను మోసం చేస్తుందో లేదో నాకెట్ల తెలుస్తది?"

దుకాణం యజమానిని మోసం చేయడమనే మాట నేను అంతకు ముందు వినలేదు. నాకు తెలిసిన మోసం రెండో వైపు నుంచి జరిగేది. ఆయన సమాధానం అతి తెలివిగా తోచింది. రిజిస్టరు ఉద్యోగుల కోసం, యజమాని ఉద్యోగి కాడు, పేరు కొట్టేయమన్నాను. "ఏ సెక్షన్‌ల రాసుంది మేడం, జర చూపియ్యండ్రి," అన్నాడు. ఎకసెక్కెం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. సెక్షన్ నోటికి రాలేదు. "విచారించవలసి ఉన్నది" అని పుస్తకంలో రాసి, సంతకం పెట్టి, మెట్లు దిగాను.

విచారణ కోసం మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ మాట వెనుక కథ తెలిసింది. కనకయ్యది సిరిసిల్ల. మరమగ్గాలను అక్కడ సాంచలంటారు. సాంచలు సొంతంగా ఉన్నవాణ్ణి ఆసామి అంటారు.

"మా నాయిన ఆసామి మేడం. నాలుగు సాంచలు. అమ్మ కండెలు చుట్టేది. మేమిద్దరం అన్నదమ్ములం బడికెళ్లొచ్చి సాంచల కాడ నిలబడేటోళ్ళం. ఎన్నడు ఎవ్వరికి కూలి రాయలె. నెల కాంగనె చేతిల మిగిలింది చూసి లాభమొచ్చిందని నాయిన మస్తు ఖుషీ అయ్యేటోడు. పదో తరగతిల నేను కూసోని లెక్క జేసిన. మా నలుగురి కూలి తీసేస్తె లాభం లేదు, ఉల్టా మేమే సాంచలకు ఎదురు పెడ్తున్నం. పక్కింటోళ్ళ సాంచల మీద కూలికి పోయినా గంతకన్న ఎక్కువొస్తుండె. ఆసామి అనే పేరు కోసం ముప్ఫై ఏండ్లు పనిజేసిండు మా నాయిన."

పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారు గదా, అదీ సంగతి. చెబుతున్నప్పుడు ఆయన గొంతులో తండ్రి మీద కోపం లేదు. ఒక మనిషి ముప్ఫై ఏళ్ళు తన చాకిరీ చూసుకుని లాభమని మురిసిపోయాడన్న బాధ మాత్రం ఉంది. ఆ మధ్యాహ్నం మొదటిసారి నాకు ఆయన మీద గౌరవం కలిగింది. రిజిస్టరులో పేరు కొట్టేయించలేదు. "యజమాని స్వయంగా పనిచేయుచున్నారు" అని ఎర్ర సిరాతో పక్కన రాసి ఊరుకున్నాను. చట్టం ప్రకారం అది తప్పూ కాదు, ఒప్పూ కాదు.

ఆయన వ్యాపారం అమీర్‌పేటలోనే పుట్టగలిగే వ్యాపారం. కోర్సు పూర్తిచేసిన పిల్లలకు ఉన్నట్టుండి ఇంటర్వ్యూ పిలుపు వచ్చేది. హాస్టల్ పెట్టెలో జీన్సు, టీషర్టులు తప్ప ఏమీ ఉండేవి కావు. పొద్దున గుడ్డ ఇస్తే సాయంత్రానికి తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు కుట్టి ఇచ్చేవాడు కనకయ్య. దాన్ని ఇంటర్వ్యూ జత అనేవారు. మామూలు కన్నా రేటు ఎక్కువే. పేదపిల్లలు, కాస్త తగ్గించవచ్చు గదా అని ఒకసారి నేనే అన్నాను. "ఒక్కనాట్ల కుట్టియ్యాలంటే ఇద్దరు కారీగర్లు వేరే పని ఆపాలె మేడం. ఆ పైసలు ఎవరియ్యాలె?" అన్నాడు. ఉద్యోగం వచ్చినవాళ్ళు ఆ రేటుకే మళ్ళీ వచ్చి మూడేసి జతలు కుట్టించుకునేవారు. కారీగర్ల పీసు రేటు ప్రభుత్వ కనీస వేతనం కన్నా పైనే పడేది. ప్రతి శనివారం సాయంత్రం చేతికి వచ్చేది. నా సర్కిల్‌లో అలాంటి షాపులు ఎక్కువ లేవు.

2001లో గాలి తిరగబడింది. అమెరికాలో కంపెనీలు మనుషుల్ని తీసేస్తున్నాయని వార్తలు మొదలయ్యాయి. అమీర్‌పేటలో బోర్డులు అలాగే ఉన్నాయి గానీ వాటి కింద గుమిగూడే పిల్లలు పల్చబడ్డారు. హాస్టళ్ళలో మంచాలు ఖాళీ అయ్యాయి. ఇంటర్వ్యూలే లేకపోతే ఇంటర్వ్యూ జతలెక్కడివి? మరోవైపు పంజాగుట్టలో రెడీమేడ్ షోరూములు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకున్నాయి. గుడ్డ కొని, కొలతలిచ్చి, ఎదురుచూసే ఓపిక జనానికి తగ్గింది.

ఆ ఏడాది చివర్లో కనకయ్య దగ్గరి కారీగర్లు ఐదుగురూ మా ఆఫీసుకు వచ్చారు. ముందు నిలబడి మాట్లాడినవాడు యాదగిరి, వాళ్ళలో పెద్దవాడు, సఫారీ సూట్లు కుట్టడంలో చేయితిరిగినవాడు. షాపు మూసేసి హాలును హాస్టల్‌కు వదిలేయాలని ఓనర్ చూస్తున్నాడు, మమ్మల్ని రోడ్డు మీద పడేస్తున్నాడు, ఆపండి మేడం అని ఫిర్యాదు. అంత చిన్న షాపును మూయకుండా ఆపే అధికారం చట్టం మాకు ఇవ్వలేదు. నోటీసు ఇప్పించగలం, రావలసింది ఇప్పించగలం, అంతవరకే. అయినా జాయింట్ మీటింగ్ పెట్టాను. యజమానినీ పనివాళ్ళనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి రాజీ కుదర్చడాన్ని మా శాఖలో అలా అంటారు.

కనకయ్య వచ్చి ఏమీ దాచకుండా చెప్పేశాడు. షాపు పెట్టిన రోజే ఒక నియమం పెట్టుకున్నాడట. వరసగా రెండు సీజన్లు, అంటే పెళ్ళిళ్ళదొకటి, దసరాదొకటి, అందరి కూలీ పోను ఏమీ మిగలకపోతే షట్టర్ దించేయాలి, తనూ ఎక్కడో కారీగర్‌గా చేరిపోవాలి. ఆ రెండు సీజన్లూ అయిపోయాయి.

యాదగిరికి కోపం వచ్చింది. "ఇన్నేండ్లు తిన్న లాభమంత ఏమాయె అన్నా? మంచిగున్నప్పుడు నీకు, పాడైనప్పుడు మాకా?"

"నిరుడు ఆషాఢంల పని లేకున్నా మీకు వారం వారం సగం కూలి వచ్చిందా లేదా?" అన్నాడు కనకయ్య. "కొత్త ఓవర్‌లాక్ మిషిన్ యాడికెళ్ళి వచ్చింది? ఆ లాభంలకెళ్ళే వచ్చింది గదనే. ఇప్పుడది లేదు. లేందాన్ని యాడికెళ్ళి తేను?"

సగం కూలి వచ్చిన మాట నిజమేనన్నాడు యాదగిరి. నేను మాత్రం వదల్లేదు. మా నాన్న కూతుర్ని గదా. "కనకయ్య గారూ, ఇన్నేళ్ళు మీ దగ్గర పనిచేసిన వాళ్ళు. లాభం ఒక్కటే చూసుకుంటే ఎలాగండీ? కాస్త దయ ఉంచండి," అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "దయ మీద నడిపితే ఎన్నొద్దులు నడుస్తది మేడం? నా దగ్గరున్నది ఒడిసేదాక. అటెన్క నేనూ పోత, వీళ్ళూ పోతరు. లాభం మీద నడిస్తె నేను లేకున్నా నడుస్తది, ఎవడో ఒకడు కొనుక్కోని నడుపుతడు. మీరు నన్ను దయ అడుగుతున్నరు. లాభం ఇంకా యాడన్న ఉందేమో ఎతుకుత, దానికి నాకు టైం ఇయ్యమని వీళ్ళను అడగండ్రి."

ఎంత టైం అన్నాను. మూడు నెలలన్నాడు. ఆ మూడు నెలలూ ఉన్న పనిని ఐదుగురికీ సమానంగా పంచాలనీ, నాలుగో నెల మొదట్లో మళ్ళీ కూర్చోవాలనీ ఒప్పందం రాయించి అందరితో సంతకాలు పెట్టించాను. నిజం చెప్పాలంటే అది చావును వాయిదా వేయడమే అనుకున్నాను.

రెండు నెలలు దాటాక ఒక ఆదివారం మావారికి ప్యాంటు కొనడానికి పంజాగుట్టలో ఒక షోరూముకు వెళ్ళాం. ట్రయల్ రూము పక్కన ఒకాయన మోకాళ్ళ మీద కూర్చుని ఎవరిదో ప్యాంటు అంచు మడిచి సుద్దముక్కతో గీత గీస్తున్నాడు. తల ఎత్తితే కనకయ్య. నా ప్రాణం ఉసూరుమంది. ఐదుగురికి పనిచ్చిన మనిషి, ముక్కూమొహం తెలియని వాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చున్నాడనిపించింది. చూడనట్టు పక్కకు తప్పుకోబోయాను. ఆయనే పిలిచాడు.

"నమస్తే మేడం! సారుకు తీస్కున్నరా? ఇటు తెండ్రి, అంచులు నేను చేసిస్త."

మొహం వెలిగిపోతోంది. మావారి ప్యాంటు కొలుస్తూ సంగతి చెప్పాడు. రెడీమేడ్ ప్యాంట్లు పొడుగ్గా వస్తాయి, ప్రతివాడికీ అంచు మడవాలి. నడుము దగ్గర బిగించాలి, చొక్కా చేతులు తగ్గించాలి. షోరూమువాళ్ళకు ఆ పని చేసేవాళ్ళు దొరకడం లేదు. "షోరూం అంటే దుష్మన్ అనుకున్న మేడం. రెండు నెలలు ఈ రోడ్డు మీద దుకాణం దుకాణం తిరిగినంక సమజైంది, వాళ్ళు నాకు గిరాకీ తెచ్చిపెడ్తున్నరని. గుడ్డ పాడైతదన్న ఫికర్ లేదు, కటింగ్ లేదు, గిరాకీ రేపు రా ఎల్లుండి రా అనే పంచాయితీ లేదు. అంచుకు నాలుగు నిమిషాలు. నా కూలి నేను రాస్కున్నంక సుత మిగులుతున్నది."

మరి కారీగర్లు రాలేదేమని అడిగాను. ఆయన నవ్వేసి మావారి ప్యాంటు అంచు మడవడం మొదలుపెట్టాడు. కారణం తర్వాత తెలిసింది. ఈ వృత్తిలో ఆల్టరేషన్ అంటే చిన్నచూపు. కొత్తగా పని నేర్చుకునేవాడికో, చూపు తగ్గిన ముసలాయనకో ఇస్తారు. చేయితిరిగిన కారీగర్ దాన్ని ముట్టుకుంటే తోటివాళ్ళు నవ్వుతారు. ఈ పని దొరికిన మొదటి వారమే కనకయ్య అడిగితే ఐదుగురూ ససేమిరా అన్నారు. ఆయన బతిమాలలేదు, బెదిరించలేదు. మిగిలిన కొద్దిపాటి కుట్టుపనినీ వాళ్ళకే వదిలేసి, తాను వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఓనర్నన్న పరువు ఆయనకు అడ్డం రాలేదు. తండ్రి దగ్గర ఆ పరువు ఖరీదెంతో చూసినవాడు గదా.

నాలుగో నెల మొదటి వారంలో మళ్ళీ సమావేశమయ్యాం. కనకయ్య ఒక ప్రతిపాదనతో వచ్చాడు. అమీర్‌పేట హాలు వదిలేస్తాడు. పంజాగుట్ట మెయిన్ రోడ్డు వెనక సందులో చిన్న గది తీసుకున్నాడు, మూడు షోరూముల పని ఒప్పుకున్నాడు. వచ్చే ప్రతివాడికీ పాత కూలికి తగ్గకుండా పడేలా పీసు రేటు కట్టాడు. ఆ కాగితాన్ని నేను కనీస వేతనాల పట్టికతో సరిచూశాను. ఎక్కడా వంక లేదు. నలుగురు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని సరేనన్నారు. మూడు నెలలు సగం పనితో ఇల్లు నెట్టుకొచ్చినవాళ్ళు, ఎవరు నవ్వితే ఏం అనుకున్నారేమో.

యాదగిరి ఒప్పుకోలేదు. "పదిహేనేండ్లు సఫారీలు కుట్టిన చేతులన్నా ఇవి. గీ చేతులతోటి ప్యాంట్ల అంచులు మడవాల్నా?" అన్నాడు. ఇక్కడ ఒప్పందం విరుగుతుందని నేను భయపడ్డాను. యాదగిరికి ఇద్దరు పిల్లలు, ఇంట్లో సంపాదన అతనిదొక్కటే.

కనకయ్య అతని వైపు తిరిగి అన్నాడు. "నువ్వు చెప్పేది నిజమే యాదగిరీ. నీ చేతిపని ఆల్టరేషన్‌ల పెడితే నాకూ లాభం లేదు, నీకూ లేదు. సఫారీలు కుట్టించుకునేటోళ్ళు నలభైమంది దాక ఇంకా ఉన్నరు. వాళ్ళ సైజు షోరూంల దొరకదు. వాళ్ళకోసం హాలు నడిపితే నాకు గిట్టదు, ఒక మిషినూ ఒక మనిషీ అయితే గిడతది. వాళ్ళందరి కొల్తల బుక్కు నీకిస్త. నువ్వే ఒక దుకాణం పెట్టుకో."

యాదగిరి నమ్మలేనట్టు చూశాడు. మిషన్ సంగతేమిటని నేను అడిగాను. పాతదే గదా, ఉచితంగా ఇచ్చేస్తారేమో అనుకున్నాను.

"ఉట్టిగియ్య మేడం," అన్నాడు కనకయ్య. "ఉట్టిగ ఇస్తే రేపు ఆయనకు మిగిలింది లాభమో, నా మిషినో ఆయనకెట్ల తెలుస్తది? దుకాణం మూస్తున్నందుకు ఆయనకు రావాల్సిన పైసలల్ల పాత మిషిన్‌కు బజార్ల ఎంత ఉందో గంత పట్టుకొని, మిగిలింది ఇస్త."

ఆ మాట యాదగిరిని నొప్పించలేదు. పైగా అతను మొదటిసారి నిటారుగా కూర్చున్నాడు. అంతవరకూ ఆ గదిలో అతనొక బాధితుడు. ఇప్పుడు ఎదుటివాడితో బేరం చేస్తున్న మనిషి. మిషన్ ధర దగ్గర ఇద్దరూ అరగంట వాదించుకున్నారు. నేను మధ్యలోకి పోలేదు. యాదగిరి అడిగిన ధరే చివరికి ఖాయమైంది.

నెల తిరగకుండా యాదగిరి కొత్త షాపు రిజిస్ట్రేషన్ ఫారం పట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. అమీర్‌పేటలోనే మెట్ల కింద చిన్న గది. ఫారం అంతా సరిగ్గానే నింపాడు. నాకు ఉండబట్టక అడిగాను: "పంజాగుట్టలో కూలి గ్యారంటీగా వచ్చేది గదండీ. ఇందులో మిగలచ్చు, మిగలకపోవచ్చు. ఎందుకు పెట్టుకున్నట్టు?"

"లాభానికి మేడం. ఇంకెందుకు పెడతరు?" అన్నాడు యాదగిరి.

నాలుగు నెలల క్రితం ఆ మాటనే కనకయ్య మీద విసిరిన మనిషి ఇతనే. ఇప్పుడు అందులో తిట్టు లేదు. నేను ఫారం మీద సంతకం పెట్టి ముద్ర వేశాను.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. పనివాడి కూలి, యజమాని లాభం ఎప్పుడూ ఒకదాన్నొకటి తినేవేనని నేను నమ్మి ఉద్యోగంలో చేరాను. తినే చోట్లు ఉన్నాయి, అలాంటి వాళ్ళ మీద తర్వాత కూడా కేసులు పెట్టాను. కానీ అందరి కూలీ నిజాయితీగా తీసేశాక మిగిలేదాన్ని వెతుక్కునే యజమాని దగ్గరే పని నిలుస్తుందని ఒక టైలర్ నాకు చూపించాడు. రిటైరయ్యే దాకా ఎన్నో జాయింట్ మీటింగులు నడిపాను. మళ్ళీ ఏ యజమానినీ దయ చూపమని అడగలేదు. లాభం ఎక్కడుందో వెతకడానికి ఎన్ని నెలలు కావాలని అడిగాను. కొందరు వెతికారు. వెతకని వాళ్ళ చేత నోటీసు ఇప్పించి, పనివాళ్ళకు రావలసింది ఇప్పించాను.